బీజాపూర్ దారిలో ఆరిన దీపం

భోపాలపట్నం దాటి బీజాపూర్ వైపు సాగే అడవి దారిలో, 2019 ఆగస్టు నెలలో ఒక సాయంకాలం, నా మోటారు సైకిలు హెడ్‌లైటు ఉన్నట్టుండి ఆరిపోయింది. మరుక్షణంలో ఇంజను నిలిచిపోయింది. హారను నొక్కాను, పలకలేదు. బండి తన ఊపుతో తాను నాలుగు బారలు దొర్లి, బురదలో ఒరిగి ఆగింది. టేకాకుల మీద వాన చప్పుడు తప్ప మరో శబ్దం లేదు. వెనుక సీటు మీద కట్టిన సంచిలో నా నోటు పుస్తకాలు తడుస్తున్నాయి.

నేను యంత్రాలు తెలిసినవాణ్ణి కాను. ఇంగ్లీషు సాహిత్యం చదువుకొని, అనువాదాలు చేసుకొని బ్రతికేవాణ్ణి. బస్తరు దక్షిణపు కొసన దోర్లాలు మాట్లాడే మాట తెలుగుకు ఎంత దగ్గరిదో స్వయంగా వినాలన్న కోరికతో వరంగల్లు నుంచి బయలుదేరాను. ములుగు, ఏటూరునాగారం మీదుగా గోదావరి వంతెన దాటి పోతే ఆ జాతీయ రహదారి భోపాలపట్నంలో ముగుస్తుంది. అక్కడి నుంచి మరో రహదారి మద్దేడు మీదుగా బీజాపూర్ చేరుతుంది. యాభై పైచిలుకు కిలోమీటర్లు. 2007లో దంతెవాడ నుంచి విడదీసి జిల్లాగా ఏర్పరచిన ప్రాంతమది. చీకటి పడకముందే ఊరు చేరుకోవలెనని అందరూ హెచ్చరించే దారి. భోపాలపట్నంలో తెలుగు వినబడగానే నేను మాటల్లో పడి రెండు గంటలు ఆలస్యం చేశాను.

ప్రయాణానికి ముందు వారం రోజులపాటు బండిని ముస్తాబు చేశాను. 55 వాట్ల ఫాగ్ లైట్లు రెండు, ఫోను చార్జరు ఒకటి కొన్నాను. హెడ్‌లైటుకు పోయే వైరును మధ్యలో ఒలిచి, కొత్త వైర్లను దానికి మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టాను. హ్యాండిలుకు చిన్న స్విచ్చి బిగించాను. రాత్రి ఇంటి ముందు వెలిగించి చూస్తే వీధి పట్టపగలైంది. ఇంతే కదా, దీనికి మెకానిక్కు ఎందుకు అనుకున్నాను.

ఇప్పుడు ఆ వానలో, చేతి దీపం పళ్ళతో పట్టుకొని ఫ్యూజు డబ్బా తెరిచాను. ఫ్యూజు కాలిపోయి ఉన్నది. నా బండి పాతది. దానికంతటికీ 15 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే. అదనంగా ఒకటి దగ్గర ఉంటే వేశాను. దీపాలన్నీ మళ్ళీ వెలిగాయి. నాలుగు కిలోమీటర్లు పోయానో లేదో, ఒక మలుపులో బ్రేకు తొక్కగానే మళ్ళీ అన్నీ ఆరిపోయాయి. అప్పుడు చేసిన పని చెప్పుకోవడానికి ఈనాటికీ సిగ్గుగానే ఉన్నది. మిగిలిన వైరు ముక్కలోంచి రాగి పోగులు కొన్ని తీసి, ఫ్యూజు ఉండవలసిన చోట చుట్టాను. బండి కదిలింది. కొంత దూరం పోగానే మోకాళ్ళ మధ్య నుంచి కాలిన ప్లాస్టిక్కు వాసన వచ్చింది. పెట్రోలు ట్యాంకు కింది నుంచి సన్నని పొగ.

బండి దిగి, సీటు ఊడదీసి, బ్యాటరీ వైరు విప్పేదాకా నా చేతులు నా మాట వినలేదు. ట్యాంకు నిండా పెట్రోలు ఉన్నదన్న సంగతి ఆ పని అయిన తరువాతనే గుర్తుకు వచ్చింది. గంట గడిచాక అటుగా వచ్చిన ఒక ట్రాక్టరు, బండినీ నన్నూ కలిపి ఎక్కించుకొని బీజాపూర్‌లో దింపింది.

మర్నాడు బజారులో ఒక మెకానిక్కు ట్యాంకు విప్పి, నల్లగా కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయిన వైర్ల కట్టను బయటికి లాగాడు. యాభై ఏళ్ళ మనిషి. మాటలో గోదావరి ఒడ్డు తెలుగూ హిందీ కలగలిసి ఉన్నాయి.

"ఈ వైరు యాడికెల్లి గుంజిన్రు సారూ?"

"హెడ్‌లైటు నుంచి."

"అది తన తిండి తాను తింటున్నది. దాని కంచంల ఇంకిద్దర్ని కూసోపెడితిరి."

తరువాత అతడు సుద్దముక్క తీసుకొని గచ్చు మీద లెక్క వేశాడు. ఆ లెక్క నేను అంతకుముందే వేసుకొని ఉండవలసింది. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. రెండు ఫాగ్ లైట్లు కలిసి 110 వాట్లు. 12 వోల్టుల మీద 9 ఆంపియర్ల పైన. హెడ్‌లైటు 60 వాట్లు, అంటే 5 ఆంపియర్లు. వెనుక దీపం, మీటరు దీపం, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు, ఫోను చార్జరు - ఇవన్నీ కలిపి మరో నాలుగైదు. మొత్తం 19కి వచ్చింది. బ్రేకు తొక్కితే 21 వాట్ల ఎర్ర దీపం వెలిగి 21 ఆంపియర్ల దగ్గర ఆగింది. ఫ్యూజు మీద రాసి ఉన్నది 15. ఫ్యూజు కొంచెం అధికభారాన్ని కొంతసేపు ఓర్చుకుంటుంది. భారం పెరిగేకొద్దీ ఆ ఓర్పు నిమిషాల్లో, ఆపైన క్షణాల్లో తీరిపోతుంది. ఇంటి ముందు రెండు నిమిషాలు వెలిగించి చూసిన నా పరీక్ష అందుకే నన్ను మోసగించింది.

ఫ్యూజు దీపాన్ని కాపాడుతుందని నేను అంతవరకు అనుకొనేవాణ్ణి. అది కాపాడేది తీగను. తీగ మోయగల కరెంటుకన్న కొంచెం తక్కువ దగ్గర ఫ్యూజు తెగిపోవాలి. తీగ వేడెక్కి పై తొడుగు కరగక ముందే దారి మూసుకుపోవాలి. నేను రాగి పోగులు చుట్టిన క్షణాన బండిలో అన్నిటికన్న సన్నని తీగే ఫ్యూజు అయింది, అది ట్యాంకు కింద ఉన్నది. హ్యాండిలు తిరిగినప్పుడల్లా మెడ దగ్గర ఇనుముకు ఒరుసుకుంటూ, వేడికి మెత్తబడిన తొడుగు చిరిగి, రాగి బాడీకి తగిలింది. షార్టు అయినప్పుడు చిన్న మోటారు సైకిలు బ్యాటరీ సైతం వంద ఆంపియర్లకు పైగా కుమ్మరించగలదు. ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోపు బిగించాలని తెలిసినవారు చెప్పేది ఇందుకే. బ్యాటరీకీ ఫ్యూజుకూ నడుమ ఉన్న తీగకు కాపలా ఎవరూ లేరు. ఆ భాగం ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు.

నేను వాడిన వైరు అర చదరపు మిల్లీమీటరుది. దుకాణంలో చవకగా దొరికింది. అటువంటి తీగ మీటరుకు దాదాపు 0.037 ఓములు అడ్డుపడుతుంది. పోయే దారి రెండు మీటర్లు, వచ్చే దారి రెండు మీటర్లు. 9 ఆంపియర్లు పారితే 1.3 వోల్టుల పైన తీగలోనే ఖర్చవుతుంది. పన్నెండు వాట్లు దారిని వెలిగించకుండా తీగను కాస్తాయి. పాతరకపు హాలోజను దీపానికి వోల్టేజి పదిలో ఒక వంతు తగ్గితే వెలుగు మూడో వంతు దాకా పడిపోతుంది. రెండు చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం మూడో వంతు వోల్టుకు దిగుతుంది. ఖర్చులో తేడా ఒక పూట భోజనమంత.

ఇప్పుడు ఎల్ఇడి దీపాలు వచ్చి ఈ లెక్కలను చాలా తేలిక చేశాయి. 20 వాట్ల ఎల్ఇడి జంట పాత 55 వాట్ల జంటతో పోటీపడగలదు. అయినప్పటికీ బరువులు మరోవైపు పెరిగాయి. 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో తయారయ్యే ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు తనంతట తానే వెలిగి ఉండాలన్న నియమం వచ్చింది. దాన్ని ఆర్పి కరెంటు మిగుల్చుకొనే వీలు పోయింది. చలి ప్రాంతాలకు పోయేవారు హ్యాండిలు పిడులకు వేడినిచ్చే తీగలు తొడుగుతారు. జోడీకి 30, 40 వాట్లు. జంట హారను నొక్కినంతసేపు 10 ఆంపియర్లు తాగుతుంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటరు ఇచ్చేది అంతంత మాత్రమే. ఆదాయం తగ్గినప్పుడు బ్యాటరీ అనే పొదుపులోంచి తీసి ఖర్చు పెట్టవలసి వస్తుంది. పట్టణంలో సిగ్నళ్ళ దగ్గర గంటసేపు నిలిచి నడిచే బండి, అడవి దారిలో సాగే బండికన్న త్వరగా దివాలా తీస్తుంది.

మెకానిక్కు నా తీగలన్నీ పీకి పారేసి, పని మొదటి నుంచి చేశాడు. బ్యాటరీ నుంచి లావైన ఎర్ర వైరు తీశాడు. జానెడు దూరంలో 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు పెట్టాడు. ఫ్యూజుల రంగులకూ ఒక భాష ఉన్నది: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. చదువు రానివాడు కూడా చీకట్లో పోల్చుకోగలడు. ఆ వైరు చివర ఒక నల్ల డబ్బా బిగించాడు. అదే రిలే.

ఈ మాట నాకు పుస్తకాల్లో పాత పరిచయం. వేటలో అలసిన కుక్కల స్థానంలో వదలడానికి దారి పక్కన సిద్ధంగా ఉంచే కొత్త కుక్కలనూ, మజిలీ మజిలీకీ మార్చే గుర్రాలనూ ఫ్రెంచివారు ఆ మాటతో వ్యవహరించేవారు. 1835లో అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ, చాలా దూరం పోయి నీరసించిన విద్యుత్తు చేత ఒక అయస్కాంతాన్ని పనిచేయించి, దాని ద్వారా మరో బ్యాటరీ దారిని తెరిపించాడు. తంతి వార్తలు ఆ యుక్తితోనే వందల మైళ్ళు నడిచాయి. దీనికి 'మజిలీ మీట' అని తెలుగు చేసి మెకానిక్కుకు చెప్పాను. అతడు మర్యాదగా విని, "రిలే అంటే దుకాణంల దొరుకుతది సారూ" అన్నాడు.

డబ్బా లోపల సన్నని రాగి చుట్ట ఒకటి, దాని ఎదుట ఒక ఇనుప రేకు ఉంటాయి. చుట్టలో కరెంటు పారితే అది అయస్కాంతమై రేకును లాక్కుంటుంది; రేకు కదిలి రెండు బలమైన కొనలను కలుపుతుంది. చుట్టకు కావలసింది 0.15 ఆంపియర్ల ప్రాంతం. అది కలిపే కొనల గుండా 30 ఆంపియర్లు పోవచ్చు. హ్యాండిలు మీది చిన్న స్విచ్చి ఇక ఆ కొద్దిపాటి కరెంటునే మోస్తుంది. దాని కొనలు మసిబారవు, వేడెక్కవు.

డబ్బాకు కాళ్ళు నాలుగు. వాటి మీద 30, 85, 86, 87 అని అంకెలు ఉంటాయి. జర్మనీ వారి ప్రమాణం డిఐఎన్ 72552 ప్రకారం పెట్టిన అంకెలివి. ఏ దేశపు రిలే మీదనైనా దాదాపు ఇవే కనబడతాయి. ఫ్యూజు గుండా వచ్చిన బ్యాటరీ వైరు 30కి. దీపాలకు పోయే వైరు 87 నుంచి. స్విచ్చి వైరు 86కు, బాడీ ఎర్తు 85కు. ఆ స్విచ్చికి కరెంటు ఎక్కడిది? ఇక్కడే అతడు చేసిన తెలివైన పని ఉన్నది. తాళం తిప్పినప్పుడు మాత్రమే వెలిగే వెనుక దీపం వైరు నుంచి తీశాడు. తాళం తీసేస్తే వెనుక దీపంతోపాటు రిలే కూడా నిద్రపోతుంది. స్విచ్చి ఆర్పడం మరచి బండిని నిలిపి పోయినా తెల్లవారేసరికి బ్యాటరీ చావదు. ఆ వెనుక దీపం మీద కొత్తగా పడే భారం ఆంపియరులో ఆరో వంతు కూడా లేదు.

ఈ పద్ధతి మామూలు బండ్లకు. కొత్త ఖరీదైన టూరింగు బండ్లలో కంప్యూటరు ఒక్కొక్క దీపం తీసుకొనే కరెంటును కనిపెడుతూ ఉంటుంది. లెక్క తేడా వస్తే ఆ దారిని మూసివేస్తుంది. వాటిలో ఫ్యాక్టరీ వైరు ముట్టక, తయారీదారు విడిగా విడిచిన సాకెట్టునే వాడుకోవడం క్షేమం.

ఎర్తు అనే మాట కూడా నన్ను కాసేపు ఆలోచనలో పడవేసింది. రెండు రబ్బరు చక్రాల మీద నడిచే బండికి భూమితో సంబంధమే లేదు. బ్యాటరీ ఋణధ్రువాన్ని ఇనుప చట్రానికి కలిపి, ఆ చట్రాన్నే తిరుగుదారిగా వాడుకుంటారు. అయినా పేరు భూమిదే. చట్రం మీది రంగు గీకి, మెరిసే ఇనుము కనబడ్డాకనే బోల్టు బిగించాలి. మసక దీపాలు, నత్తి హారన్లు అనేకం చివరికి ఈ ఒక్క బోల్టు కింది తుప్పు దగ్గర తేలుతాయి. చవకరకం మీటరు ఒకటి ఉంటే చాలు: దీపం వెలుగుతుండగా దాని ఎర్తు కొనకూ బ్యాటరీ ఋణధ్రువానికీ నడుమ కొలిస్తే అర వోల్టు చూపిందా, దోషం అక్కడే.

ఒకటిన్నర సంవత్సరం తరువాత ఒక వార్తలో బీజాపూర్ పేరు చూసి నా చేతిలో కలం ఆగింది. 2021 జనవరి 18న ఢిల్లీలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ, కేంద్ర రిజర్వు పోలీసు దళానికి 'రక్షిత' అనే మోటారు సైకిలు అంబులెన్సులను అప్పగించింది, మొత్తం 21. డీఆర్‌డీఓకు చెందిన ఇన్‌మాస్ ప్రయోగశాల 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్ల మీద వాటిని రూపొందించింది. పెద్ద వాహనాలు దూరలేని అడవి దారుల నుంచి గాయపడినవారిని తరలించడానికి పడిన అవస్థలే ఆ ఆలోచనకు మూలం. ఆ అవస్థలకు ఉదాహరణగా చెప్పిన చోట్లు బీజాపూర్, సుక్మా, దంతెవాడ. రోగిని పట్టీలతో కట్టి కూర్చోబెట్టే వాలు సీటు, తల కదలకుండా పట్టే ఆధారం, ప్రాణవాయువు సంచి ఉన్నాయి. వాటితోపాటు, రోగి దేహస్థితిని కనిపెట్టి తీగలు లేకుండానే తెలియజేసే పరికరాలు, ఆ అంకెలను నడిపేవాని కళ్ళ ముందు చూపే తెర, స్థితి విషమిస్తే అతణ్ణి హెచ్చరించే ఏర్పాటు ఉన్నాయి.

సామాన్య పాఠకునికి ఆ తెర ఒక వింతగా తోచి ఉంటుంది. నాకు మాత్రం మొదట తోచింది ఒకటే: దాని ఫ్యూజు ఎవరిది? తెర చెడిపోతే నడిపేవాడు వెనక్కి తిరిగి రోగి ముఖం చూసుకోగలడు. తెరలో దోషం హెడ్‌లైటును ఆర్పితే, ఆ దారిలో, ఆ చీకట్లో, ఇద్దరి ప్రాణాలూ ఒకే గోతిలో పడతాయి. అదనపు పరికరం ఎంత విలువైనదైనా, అది చచ్చినప్పుడు ఒంటరిగా చావాలి; బండిని వెంట తీసుకుపోరాదు.

ఈ బండి వంశానికి మన కొండదారులు కొత్త కావు. 1950ల నడుమ మద్రాసులో బుల్లెట్ల తయారీ మొదలైంది. ఆ రోజుల బుల్లెట్‌కు ఆరు వోల్టుల విద్యుత్తు. హెడ్‌లైటు వెలుగు గురించి పెద్దలు చెప్పే కథలు వింటే, అగ్గిపుల్ల గీసుకొని ముందు నడవడమే నయమనిపిస్తుంది. వారి మీద ఎవరూ రోగి ప్రాణం చూపే తెర బిగించలేదు. 2010 దశాబ్దంలో నారాయణపూర్ జిల్లాలో పక్కన పడక తగిలించిన మోటారు సైకిళ్ళు గర్భిణులను ఆసుపత్రులకు చేర్చాయి. 2018లో ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ గూడేలకు నూట ఇరవైకి పైగా ఫీడర్ అంబులెన్సులు వచ్చాయి. గూడెం నుంచి రోగిని తెచ్చి, రోడ్డు మీద నిలిచిన 108 బండికి అందించడం వాటి పని. ఒక వాహనం ఆగిన చోట మరొకటి అందుకోవడమే కదా రిలే. సైరను, మినుకు దీపం, ఫోను, అదనపు లైట్లు ఇవన్నీ చిన్న బ్యాటరీ మీద ఆధారపడినవే.

అటువంటి బండ్లలోనైనా, యాత్రికుని బండిలోనైనా, చెడేది ఎక్కువగా అతుకుల దగ్గర. నేను సోల్డరు పెడితే గట్టిగా ఉంటుందనుకొనేవాణ్ణి. మెకానిక్కు ఒప్పుకోలేదు. కరిగిన సోల్డరు పోగుల మధ్యకు పాకి తీగను పుల్లలా బిరుసెక్కిస్తుంది. బండి అదురుకు ఆ బిరుసు ముగిసిన చోట పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. సరైన పనిముట్టుతో నొక్కి బిగించిన రాగి కొనలు అదురును ఓర్చుకుంటాయి. పైన వేడికి ముడుచుకొనే గొట్టం తొడగాలి. నల్ల టేపు ఎండకు జిగురు కారి, వానకు విప్పుకుంటుంది. కనెక్టరు నోరు కిందికి ఉండాలి, దానిలోకి దిగే తీగకు ముందు ఒక వంపు ఉంచాలి. నీటి చుక్క ఆ వంపు అడుగున జారిపోతుంది. బిగింపు అంతా అయ్యాక హ్యాండిలును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, ఏ తీగైనా లాగుకుంటున్నదేమో చూడాలి. ఈ చివరి పనికి అర నిమిషం పడుతుంది. నేను ఆ అర నిమిషం ఖర్చు పెట్టలేదు.

తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపే పరికరాలు కొన్ని ఉంటాయి; దొంగల భయానికి అమర్చే జాడ యంత్రం వంటివి. అది తాగేది 20 మిల్లీ ఆంపియర్లే కావచ్చు. రోజుకు అది దాదాపు అర ఆంపియర్-అవరు. పదిహేను రోజులు కదలని బండిలో 7 దాటుతుంది. 14 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో సగం. పండుగకు ఊరికి పోయి వచ్చినవాడు స్టార్టరు నొక్కి బ్యాటరీ కంపెనీని తిట్టేది ఇటువంటప్పుడే.

మెకానిక్కు ఆనాడు సాయంత్రం దాకా కూర్చుని నా బండి వైర్లన్నీ కొత్తగా కట్టాడు. కూలి అడిగితే సగం చెప్పాడు. మిగిలిన సగానికి, రాగి పోగులు ఇంకెన్నడూ ఫ్యూజు చోట పెట్టనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

2022 డిసెంబరులో అదే దారిన మళ్ళీ పోయాను. ఈసారి వాన లేదు, మంచు. మద్దేడు దాటాక దారి తెల్లగా ముసురుకుంటే ఫాగ్ లైట్లు వెలిగించాను. ఇరవై నిమిషాల తరువాత అవి టప్పున ఆరిపోయాయి. గుండె ఆగినంత పని అయింది. హెడ్‌లైటు వెలుగుతూనే ఉన్నది. ఇంజను సాగుతూనే ఉన్నది. హారను నొక్కి చూశాను, అడవి దద్దరిల్లింది. మెల్లగా నడుపుకుంటూ బీజాపూర్ చేరి, బస దగ్గర సీటు ఎత్తి చూస్తే నీలం ఫ్యూజు కాలి ఉన్నది. కుడి దీపం వెనుక ఎలుక కొరికిన వైరు ఒకటి బాడీకి తగిలిందని మర్నాడు తెలిసింది. ఆ రాత్రి మాత్రం వెతకలేదు. చేతులు కడుక్కొని భోజనానికి కూర్చున్నాను.